.303 బోల్టుకు లగ్గులు వెనక ఉండటం బలహీనతా? గట్టి ఉక్కు పెడితే సరిపోతదా?

ఓరుగల్లు_మెకానికల్:
అందరికీ నమస్తే. మెకానికల్ ఫైనలియర్ చదువుతున్న. రైఫిల్ బోల్టు లాకింగ్ లగ్గుల మీద స్ట్రెస్ అనాలిసిస్ ప్రాజెక్టు తీసుకున్నం. అంతా కంప్యూటర్ మీదనే. టీమ్‌లో ఒక విషయం తెగడం లేదు, అందుకే ఇక్కడ పెడుతున్న.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్త. రౌండు పేలినప్పుడు చాంబర్‌లోని (తూటా కూర్చునే గదిలోని) ఒత్తిడి గుండును ముందుకు తోసినట్టే కేసును, అంటే తూటా ఇత్తడి తొడుగును, వెనక్కి తోస్తది. దాన్ని ఆపేది బోల్టు. బోల్టును తిప్పి మూస్తే దాని పక్కన పొడుచుకొచ్చిన లగ్గులు రిసీవర్ (బోల్టు కదిలే రైఫిల్ ఒంటి భాగం) గాడిల పడి ఆనుకుంటయి. భారమంతా వాటి మీదనే. .303కు సీఐపీ (తూటాల కొలతలు, ఒత్తిళ్లు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ) లెక్కల ప్రకారం గరిష్ఠ ఒత్తిడి 365 మెగాపాస్కల్. కేసు లోపలి వ్యాసం 10 మి.మీ. అనుకుంటే వెనక్కి తోసే బలం 28 వేల న్యూటన్లు దాటుతది, అంటే దాదాపు 2.9 టన్నులు. కేసు గోడ చాంబర్‌ను పట్టుకుంటది కాబట్టి అసలు బలం ఇంకా తక్కువ ఉంటది.

మా దోస్తు వాదన ఇది: జర్మనీ మౌజర్ 98 రైఫిల్‌లో లగ్గులు ముందు, చాంబర్‌కు ఆనుకొని ఉంటయి కాబట్టి బలం, .303 రైఫిల్ అయిన లీ-ఎన్‌ఫీల్డ్‌లో వెనక ఉంటయి కాబట్టి బలహీనం, మంచి ఉక్కు తీసుకొని హార్డ్‌నెస్ పెంచితే రెండూ సమానమైతయి. నాకైతే ఇందులో మూడు వేరే వేరే సంగతులు కలిసిపోయినయి అనిపిస్తుంది. మీరేమంటరు?

జనగామ_ఎన్సీసీ:
మీ దోస్తు చెప్పిందే కరెక్టు తమ్ముడూ. 1898లో వచ్చిన మౌజర్ డిజైన్‌ను చూసే తర్వాతి బోల్ట్ యాక్షన్ వేట రైఫిళ్లు చాలామటుకు తయారైనయి. ముందు రెండు లగ్గులు, అవి పోయినా పట్టుకోవడానికి వెనక మూడో సేఫ్టీ లగ్గు. వెనక లగ్గుల పద్ధతి అంత మంచిదే అయితే ప్రపంచమంతా దాన్నెందుకు పక్కన పెట్టింది?

ఉక్కు మాటకొస్తే మన ఇషాపూర్ ఫ్యాక్టరీ రైఫిలే సాక్ష్యం. 1962 యుద్ధం తర్వాత పాత .303 ఆకారాన్ని అట్లనే ఉంచి, ఉక్కు మార్చి 7.62కు చేసిన్రు. ఆ 7.62 తూటాకు అన్నదమ్ముల్లాంటి .308 తూటాకు సీఐపీ గరిష్ఠం 415 మెగాపాస్కల్. ఒత్తిడి 13 శాతానికి పైగా పెరిగినా ఉక్కు ఆపింది. ఇంకేం కావాలె?

పాత_ఆర్మరర్_హన్మకొండ:
సర్వీసంత ఆయుధాల గదిలనే గడిచింది బిడ్డా, చేతులతోటి చూసింది చెప్త.

.303 బోల్టు ఊడి మీదికొచ్చింది నేనైతే ఒక్కటి గూడ చూడలే. వానకు తడిసినయి చూసిన, దుమ్ము పట్టినయి చూసిన, మా తాతల నాటి కర్ర బట్టు (భుజానికి ఆనే వెనక భాగం) ఉన్నయి చూసిన. నేను చూసిన అసలు తిప్పలు హెడ్‌స్పేస్ తోటి. బోల్టు ముఖానికి, కేసు అంచు ఆనే చోటుకు నడుమ సందు పెరుగుతది. లగ్గు అరుగుతది, రిసీవర్ల అది ఆనే చోటు అణుగుతది. అప్పుడు ఖాళీ కేసు తీసి చూస్తే అడుగు దగ్గర చుట్టూ సన్నగ మెరిసే గీత కనవడ్తది. ఆ గీత కనవడ్డదంటే కేసు ఆడ్నే సాగిందన్నట్టు, ఇంకింత సాగితే తెగుతది. తెగితే వేడి గాలి బోల్టు సందులకెళ్లి కాల్చేటోని మొఖం దిక్కు వస్తది.

దానికి ఇంగ్లీషోళ్లు చేసిన ఉపాయం సూడు. లీ-ఎన్‌ఫీల్డ్ బోల్టుకు తలకాయ వేరే ముక్క, మర బిగించి ఉంటది. అండ్ల నంబర్ 4 అనే మోడల్‌కు ఆ తలకాయలు 0 నుంచి 3 దాక సైజులల్ల వచ్చినయి. గేజ్ పెట్టి చూసి, సందు పెరిగితే పెద్ద సైజు తలకాయ బిగిస్తే అయిపాయె. మన ఎస్ఎల్ఆర్ (7.62 సెల్ఫ్ లోడింగ్ రైఫిల్)ల గూడ అంతే. అండ్ల బోల్టు తిరగది, వెనక భాగం కిందికి దిగి లాకింగ్ షోల్డర్ అనే ముక్క మీద కూసుంటది. అరిగితే బోల్టు పారెయ్యం, రిసీవర్ పారెయ్యం, సైజు చూసి ఆ ముక్క మారుస్తం. అరిగే చోటు ఏదో ముందే ఎరిగి, దాన్ని మార్చేటట్టు పెట్టినోడు నా లెక్కల మంచి డిజైనరు.

ఇంకో సంగతి. చాంబర్ల నూనె ఉన్నా, రౌండు తడిగ ఉన్నా కేసు గోడ జారుతది, లగ్గుల మీద భారం ఎక్కువైతది. అందుకే వానకాలం కాల్పులప్పుడు చాంబర్ పొడిగుడ్డతోటి తుడిపిచ్చినంకనే రౌండు ఎక్కనిచ్చేది. లగ్గు ముందున్నా వెనకున్నా ఈ జాగ్రత్త తప్పది.

మడికొండ_హీట్‌ట్రీట్:
హార్డ్‌నెస్ పెంచుడు గురించి నేను మాట్లాడాలె. నా పనే కొలిమి కాడ.

అమెరికా వాళ్ల 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ సంగతి మీ టీమ్ అంతా చదవాలె. లగ్గులు ముందున్నయే, మౌజర్ చూసి చేసిందే. అయినా 1917లో రిసీవర్లు పగిలినయి. వంగుడు లేదు, సాగుడు లేదు, గాజు లెక్క ముక్కలైనయి. కారణం ఏందంటే, ఫోర్జింగ్‌కు వేడి చేసేటప్పుడు పనోళ్లు ఉక్కు రంగును కంటితోటి చూసి వేడి అంచనా కట్టేటోళ్లు. జూలియన్ హ్యాచర్ అనే సైనికాధికారి రాసిపెట్టిన దాని ప్రకారం, పైరోమీటర్లు (కొలిమి వేడిని కొలిచే పరికరాలు) తెచ్చి కొలిచేసరికి, అనుభవమున్నోళ్ల కంటికి సరిగ్గనే అనిపించిన వేడి, ఎండ బాగ కొట్టే రోజు మబ్బు రోజు కంటే 300 ఫారన్‌హీట్ డిగ్రీల దాక ఎక్కువుండె. వెలుతురు ఎక్కువుంటే ఎర్రదనం తక్కువ కనవడ్తది, ఇంకింత వేడి చేస్తరు, ఉక్కు మాడుతది. 1918ల రెండుసార్ల హీట్ ట్రీట్‌మెంట్ పెట్టి సరిచేసిన్రు. స్ప్రింగ్‌ఫీల్డ్ కార్ఖాన రైఫిళ్లల్ల 8,00,000 లోపు నంబర్లను ఇప్పటికీ అనుమానంగనే చూస్తరు.

ఆ రిసీవర్ల పైతోలు గట్టిగనే ఉండె. గట్టిదనం కొలిచి ఉంటే పాసయ్యేటివే. దెబ్బను ఓర్చుకునే గుణం లేకపాయె. పాత మౌజర్ల సంగతి దీనికి ఉల్టా. తక్కువ కార్బన్ ఉక్కు, పైన సన్నటి గట్టి తోలు, లోపల మెత్తన. భారం మించితే లగ్గు ఆనే చోటు లోపలికి అణుగుతది, బోల్టు ఎత్తుడు బరువైతది, కాల్చేటోనికి ముందే తెలుస్తది. నన్ను అడిగితే లాకింగ్ పార్టుకు కావల్సింది ఈ గుణమే. పగిలే ముందు చెప్పని ఉక్కు ఎంత గట్టిదైనా నేను పాస్ చెయ్య.

జనగామ_ఎన్సీసీ:
అన్నా, అది వందేళ్ల కిందటి కథ. ఇప్పుడు కంటితో చూసి ఉక్కు కాల్చేవాళ్లు ఎవరున్నరు? కంట్రోల్ ఫర్నేస్‌లున్నయి, మిశ్రమ ఉక్కులున్నయి, గట్టిదనంతో పాటు ఓర్పు కూడా ఇస్తయి. ఇషాపూర్ సంగతికి మాత్రం ఎవరూ జవాబు ఇయ్యలేదు.

మడికొండ_హీట్‌ట్రీట్:
ఇస్త. ఇషాపూర్‌లో మార్చింది మంచి ఉక్కుకు. ఉత్త హార్డ్‌నెస్ పెంచుకుంట పోలే. రెండిటికీ తేడా ఉన్నది తమ్ముడూ. అదే ఉక్కును టెంపరింగ్ (గట్టిపడ్డ ఉక్కును మళ్ల కొంచెం వేడి చేసి పెళుసుదనం తగ్గించుడు) తగ్గించి గట్టిగ ఉంచితే హార్డ్‌నెస్ మిషిన్ మీద నంబర్ మంచిగ వస్తది. చార్పీ సుత్తె (దెబ్బకు ఉక్కు ఎంత ఓర్చుకుంటదో కొలిచే పరీక్ష) కింద పెట్టు, అప్పుడు తెలుస్తది. మీ ప్రాజెక్టు రిపోర్టుల హార్డ్‌నెస్ ఒక్కటే రాసి చార్పీ రాయకపోతే నేనైతే మార్కులెయ్య.

కాజీపేట_షెడ్:
ఇంజిన్ల యాక్సిల్స్‌కు అల్ట్రాసోనిక్ పెట్టి పగుళ్లు వెతికే పని నాది. తుపాకులు తెలవయి గాని లోహం అలసిపోవుడు తెలుసు. మీరంతా ఒక్క పేలుడును ఆపుతదా లేదా అనే మాట్లాడుతున్నరు. లగ్గు మీద అదే దెబ్బ వేలసార్లు పడుతది కదా.

వేలసార్లు పడే దెబ్బకు పగులు ఎక్కడ పుడుతది? మూలల్ల. లగ్గు బోల్టు ఒంటికి కలిసే మూల చదరంగ, పదునుగ కోసి ఉంటే స్ట్రెస్ అంతా ఆడ్నే గుమిగూడుతది. ఆ మూలను గుండ్రంగ, మంచి రేడియస్ తోటి తిప్పి, టూల్ గీతలు లేకుంట నున్నగ చేస్తే ఉక్కు మార్చకుండనే ఆయుష్షు పెరుగుతది. షాట్ పీనింగ్ (చిన్న గుండ్లతోటి పైన కొట్టుడు) చేస్తే పైపొర లోపలికి నొక్కుకొని ఉంటది కాబట్టి పగులు నోరు తెరవడం ఇంకా కష్టం. మా కాడ యాక్సిల్ మీద చిన్న గీత పడినా వదలం, ఎందుకంటే పగులు అక్కడి నుంచే మొదలైతది.

రెండోది, భారం పంచుకునుడు. రెండు లగ్గులున్నయని రెండూ మోస్తున్నట్టు కాదు. ఒకటి ఆని ఇంకోటి ఆనకపోతే మొత్తం బరువు ఒక్కదాని మీదనే. ఫిట్టర్ అయితే మార్కింగ్ బ్లూ పూసి మూసి తీసి చూస్తడు, రంగు ఎక్కడ చెరిగిందో అక్కడ ఆనినట్టు. అమెరికా ఎం16 బోల్టుకు ఏడు లగ్గులు, కేసు లాగే ఎక్స్‌ట్రాక్టర్ కోసం ఒక చోట ఖాళీ. ఆ ఖాళీ పక్క లగ్గులే ముందు పగులుతయని పేరు. లగ్గుల లెక్క పెంచితే బలం పెరుగుతదనుకునేటోళ్లు ఇది చూడాలె. ఆర్మరర్ సార్, .303లో రెండు పక్కలా సమానంగా ఆనుతదా?

పాత_ఆర్మరర్_హన్మకొండ:
మంచి ప్రశ్న అడిగినవ్. ఆకారమే సమానం కాదు. ఎడమ దిక్కు చిన్న లగ్గు రిసీవర్ గాడిల పడుతది. కుడి దిక్కు బోల్టు మీది పొడుగు పట్టీ వెనక భుజానికి ఆనుతది. అందుకే పాత బోల్టు తీసి కొత్తది యాదృచ్ఛికంగ ఏది పడితే అది పెట్టొద్దు. రెండు దిక్కులా ఆనుతున్నదా లేదా చూసినంకనే గేజ్ పెట్టాలె. వేరే రైఫిల్ బోల్టు తెచ్చి ఏసిన రైఫిల్ నా కాడికొస్తే ముందు బోల్టు నంబరు, రిసీవర్ నంబరు ఒకటేనా అని చూసేది. కలవకపోతే పక్కన పెట్టేది.

ముందు లగ్గులుంటే చాలనేటోళ్లకు ఇంకో ముచ్చట. కెనడా వాళ్ల రాస్ రైఫిల్. లగ్గులు ముందే, నేరుగ లాగి తోసే బోల్టు. లాకింగ్ బలానికి వంక పెట్టేది లేదు. 1915ల బెల్జియంల జరిగిన ఈప్ర్ యుద్ధంల బురదల, బరువైన కాల్పులల్ల బోల్టులు పట్టేసినయి, సైనికులు బూటుకాలితోటి తన్ని తెరిచిన్రు. బోల్టు వెనక్కొచ్చిన ప్రతిసారి ఆపే చిన్న ముక్క లగ్గు అంచునే కొట్టి కొట్టి వంకర చేసింది. దానికి తోడు ఆ బోల్టును విప్పి తప్పుగ బిగిస్తే లగ్గులు తిరగకుండనే మూసుకునేది. లాక్ పడ్డట్టే కనవడ్తది, పడలే. కాల్చేటోని మొఖం మీదికి బోల్టు. తర్వాత తప్పుగ బిగించకుంట రివిట్ కొట్టిన్రు. 1916కల్ల కెనడా సైన్యం దాన్ని వదిలి లీ-ఎన్‌ఫీల్డే పట్టుకున్నది. మీ దోస్తు బలహీనమంటున్న అదే వెనక లగ్గుల రైఫిల్!

జనగామ_ఎన్సీసీ:
రాస్ ఓడింది బురదకు, ఆపే ముక్కకు. లగ్గులు ముందుండటం వల్ల కాదు. నా మాట నేను వదల. రెండూ సరిగ్గా చేస్తే ముందు లగ్గులదే పైచేయి.

ఓరుగల్లు_మెకానికల్:
జనగామ అన్న చెప్పిన దాంట్లో ఒక నిజం ఉంది, కానీ దాని పేరు బలం కాదు. లెక్క చూపిస్త. బోల్టు ఒంటి అడ్డకోత 150 చదరపు మి.మీ. అనుకుందాం. 28,650 న్యూటన్ల భారానికి స్ట్రెస్ 191 మెగాపాస్కల్. ఏ మంచి ఉక్కుకైనా ఇది చిన్న సంఖ్య. అంటే లగ్గు వెనకుందని బోల్టు విరగదు. కానీ బోల్టు ముఖం నుంచి లగ్గు దాకా 100 మి.మీ. పొడుగుంటే అది 0.1 మి.మీ. దాకా నొక్కుకుంటది. అదే పొడుగు 15 మి.మీ. అయితే అందులో దాదాపు ఏడో వంతే ఉంటది. రిసీవర్ సాగేది దీనికి అదనం. ఆర్మరర్ సార్ చెప్పిన మెరిసే గీత త్వరగా వచ్చేది, కేసులు మళ్లీ నింపేవాళ్లకు .303 కేసు తొందరగా పాడయ్యేది ఇందుకే.

ఇప్పుడు హార్డ్‌నెస్ పెంచండి. ఏమైతది? ఈ 0.1 మి.మీ. మారదు. ఉక్కు యంగ్స్ మాడ్యులస్ (భారానికి ఎంత సాగుతదో, నొక్కుకుంటదో చెప్పే లెక్క) మెత్తటిదైనా గట్టిదైనా 200 గిగాపాస్కల్ దగ్గరే ఉంటది. ఇషాపూర్ ఉక్కు లగ్గు అణిగిపోకుండా ఆపింది, బోల్టు నొక్కుకోవడాన్ని ఆపలేదు. అయినా ఆ సాగుడుతోనే బ్రిటిష్ సైన్యం 1970లో నంబర్ 4ను 7.62కు మార్చి ఎల్42ఏ1 స్నైపర్ రైఫిల్‌గా వాడింది. గురి కూడా దక్కింది.

అందుకే మా రిపోర్టులో "ఏది బలమైనది" అనే శీర్షిక తీసేస్తున్న. నొక్కుకోవడం, అణగడం, పగలడం, అలసిపోవడం ఒక్కోదానికి వేరే లెక్క చేస్తం. ఒక సందేహం: మూల రేడియస్ ప్రభావం చూపించడానికి లేత్ మీద చిన్న నమూనా చేసి ప్రెస్ కింద పెడదామని టీమ్ అంటుంది. చెయ్యొచ్చా?

పాత_ఆర్మరర్_హన్మకొండ:
బోల్టు ఆకారంల మాత్రం ముట్టకు బిడ్డా. 1959 ఆయుధ చట్టంల ఆయుధమంటే దాని భాగాలు గూడ అండ్లనే వస్తయి. లైసెన్సు లేకుంట తయారు చేసుడు సెక్షన్ 5 కింద కుదరదు. ప్రాజెక్టు కోసమే చేసిన అంటే ఠాణాల ఎవరూ వినరు. నీ చదువు పాడైతది.

కాజీపేట_షెడ్:
తమ్మీ, దానికి బోల్టే ఎందుకు? పారదర్శకమైన ప్లాస్టిక్ పలకలు రెండు తీసుకో. రెండిట్ల మెట్టు కోయి, ఒకదానికి మూల పదునుగ, ఇంకోదానికి గుండ్రంగ. అడ్డం తిప్పిన రెండు పోలరాయిడ్ ఫిల్ముల నడుమ పెట్టి, వెనక లైటు వేసి మెట్టు మీద నొక్కు. ఫోటో ఎలాస్టిసిటీ అంటరు, మీ ల్యాబ్ సార్‌కు తెలిసే ఉంటది. పదును మూల కాడ రంగుల పట్టీలు ఒకదాని మీద ఒకటి ఇరుక్కుంటయి, గుండ్రం మూల కాడ విడివిడిగ పరుచుకుంటయి. ఫోటో తీసి మీ కంప్యూటర్ బొమ్మ పక్కన పెట్టు. ఎపాక్సీ పలక దొరికితే ఇంకా మంచిది, యాక్రిలిక్‌లో పట్టీలు తక్కువ వస్తయి. కోసేటప్పుడు మాత్రం వేడెక్కనియ్యకు, వేడికి లోపల స్ట్రెస్ ఉండిపోయి నొక్కకముందే రంగులు కనవడ్తయి.

ఓరుగల్లు_మెకానికల్:
సరే సార్, తుపాకీ ఆకారం లేకుండా ఉత్త మెట్టే కోస్తం. ఎపాక్సీ పలక కోసం రేపు ల్యాబ్ సార్‌ను అడుగుత. ఫోటోలు రాగానే ఇక్కడే పెడత.