టీవీలో చూసే ఓటీటీ సబ్‌స్క్రిప్షన్ ఎక్కడ ఆపాలి?

అందరికీ నమస్కారం. మా నాన్నగారి ఓటీటీ సబ్‌స్క్రిప్షన్ ఆపడానికి సాయం కావాలి. తీసుకున్నది పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో, ఇప్పుడు వాడేది ఐఫోన్, చూసేది టీవీలో. టీవీ యాప్‌లో క్యాన్సిల్ బటనే లేదు. ఐఫోన్ సెట్టింగ్స్‌లో సబ్‌స్క్రిప్షన్స్ తెరిస్తే ఖాళీ. వెబ్‌సైట్‌లో లాగిన్ అయితే, ఎక్కడ కొన్నారో అక్కడే రద్దు చేసుకోమంటోంది.

యాప్ తీసేసినంత మాత్రాన డబ్బు కట్ అవడం ఆగదని, గూగుల్ ప్లేలో కొన్నది అక్కడే ఆపాలని తెలుసు. అందుకే కంప్యూటర్‌లో ఆయన జీమెయిల్‌తో ప్లే స్టోర్ తెరిచాను. అక్కడా ఏమీ కనిపించలేదు. పాత ఫోన్‌లో ఇంకో జీమెయిల్ ఉండేదని నా అనుమానం, నాన్నగారికి గుర్తులేదు. డబ్బు మాత్రం యూపీఐ ఆటోపేలో పోతోంది. కట్ అయ్యే ముందు మెసేజ్ వస్తుంది కానీ అందులో జీమెయిల్ వివరం ఉండదు.

యూపీఐ యాప్‌లో ఆటోపే మ్యాండేట్ (డబ్బు దానంతటదే కట్ అవడానికి ఇచ్చిన అనుమతి) రద్దు చేస్తే సరిపోతుందా? లేక సబ్‌స్క్రిప్షన్ అలాగే ఉండి తర్వాత బాకీ చూపిస్తుందా? లావాదేవీ నంబరుతో ఆ జీమెయిల్ కనుక్కునే దారి ఏమైనా ఉందా? పింఛను డబ్బులండీ, నెలనెలా ఊరికే పోతుంటే ప్రాణం ఉసూరుమంటోంది. ఇలాంటిది ఎదురై పరిష్కరించుకున్నవాళ్ళు దయచేసి చెప్పండి. వచ్చే నెల 5న మళ్ళీ కట్ అవుతుంది.