టెక్స్ట్ లేకుండా గేమ్‌లో ఊరి కథ చెప్పడం ఎలా?

గోడో (Godot) అనే గేమ్ ఇంజిన్‌లో ఒక చిన్న టూడీ గేమ్ చేస్తున్నాను. రిజర్వాయర్‌లో మునిగిపోయి, ఎండాకాలం నీళ్లు తగ్గాక బయటపడే ఊళ్లో కథ నడుస్తుంది. శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో సంగమేశ్వరం గుడి ఇలాగే బయటపడుతుంది కదా, ఆలోచన అక్కడిదే.

ఆడి చూసిన ఫ్రెండ్స్ "బొమ్మలు బాగున్నాయి గానీ, ఊళ్లో ఉన్నట్టు లేదు" అంటున్నారు. ఊరి కథంతా మొదట్లోనే మూడు స్క్రీన్ల టెక్స్ట్‌గా పెట్టాను. అందరూ స్కిప్ కొట్టేశారు. (నేనైనా అదే చేస్తాను.)

2017లో వచ్చిన హాలో నైట్ అనే గేమ్‌లో భూమి లోపల సిటీ ఆఫ్ టియర్స్ అనే నగరం ఉంది. అక్కడ వాన ఆగదు. భూమి లోపల వానేంట్రా బాబూ అనుకుంటూ తిరిగాను. చాలాసేపటికి పైన బ్లూ లేక్ కనబడింది. ఆ నీళ్లే కిందికి కారుతున్నాయని తెలిశాక ఆ నగరం నిజంగా ఉన్నట్టే అనిపించింది.

నా ఊళ్లో ఇప్పటికి గోడల మీద నీటి చారలు, బురదలో సగం కూరుకుపోయిన రోలు మాత్రమే ఉన్నాయి. ఆడేవాళ్లు చూడకుండా దాటిపోతారేమోనని టెన్షన్. చార ఎత్తును బట్టి దారి దొరికేలా పజిల్‌కి ముడిపెట్టాలా, ఊరికే వదిలేయాలా? గేమ్స్ చేసినవాళ్లు ఎవరైనా చెప్పగలరా?