జుట్టు ఇక తిరిగి రాదన్న మాట ఇంట్లోవాళ్లకు ఎలా చెప్పాలి?

ప్రశ్న (నరసన్నపేట):
నాకు 36 ఏళ్లు. నడినెత్తిన అరచేయంత మేర జుట్టు పోయి చర్మం నున్నగా కనిపిస్తోంది. బయాప్సీ చేయించిన చర్మవైద్యురాలు ఇది లైకెన్ ప్లానోపైలారిస్ అని, కుదుళ్లు ఉన్నచోట మచ్చ కట్టినందువల్ల పోయిన జుట్టు తిరిగి రాదని, మిగిలినదాన్ని కాపాడుకోవడానికే మందులని స్పష్టంగా చెప్పారు. అమ్మ గుంటగలగరాకు నూనె కాచి పంపుతోంది, ఆడపడుచు ఉల్లిరసం రాయమంటోంది, అత్తగారు అరసవల్లి స్వామికి మొక్కుకోమంటున్నారు. అందరిదీ ప్రేమే. అయినా "మళ్లీ వస్తుందిలే" అన్న ప్రతిసారీ నా ఏడుపుకు కారణమే లేదన్నట్టు అవుతోంది. పేరంటాలకు వెళ్లడం మానేశాను. ఇది అందం గురించిన బాధ మాత్రమే కాదని వాళ్లకు ఎలా చెప్పాలి?

జవాబు (బొబ్బిలి):
అమ్మా, డిస్కాయిడ్ లూపస్ అనే చర్మవ్యాధి వల్ల నాకూ ముందుభాగంలో జుట్టు శాశ్వతంగా పోయింది. మొక్కు తీర్చుకుని ఇచ్చే తలనీలాలు మనం ఇష్టపడి ఇచ్చేవి, మళ్లీ మొలిచేవి. ఇది అలాంటిది కాదు. భర్త పోయిన స్త్రీకి ఒకప్పుడు శిరోముండనం చేయించిన సమాజం మనది కనుక, జుట్టులేని ఆడదాని తల చూడగానే జనం అశుభమన్నట్టు తడబడడం వెనుక ఆ పాత జ్ఞాపకం ఇంకా ఉందని నా నమ్మకం. మీరు పేరంటానికి జంకుతున్నది అందుకే; అది మీ పిరికితనం కాదు. మీ అమ్మగారిని వెంటబెట్టుకుని వెళ్లి, జుట్టు తిరిగి రాదన్న మాట డాక్టరు గారి నోటనే వినిపించండి. మా ఇంట్లో నూనెలు ఆగింది ఆ తరువాతే. ఆ రాత్రి అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. నాకు మొదటిసారి ఊరట కలిగింది అప్పుడే.

జవాబు (విజయనగరం, నర్సు):
పేనుకొరుకుడులో కుదురు బతికే ఉంటుంది కనుక జుట్టు తిరిగి రావచ్చు. అలా ఎవరికో వచ్చిందని విన్నవాళ్లే మీకూ ఆశ చెబుతారు. మీకు వచ్చినదానిలో కుదురే నశిస్తుంది. ఉల్లిరసం చర్మాన్ని మరింత మండించవచ్చు, వద్దు. దురద, మంట, కుదుళ్ల చుట్టూ ఎరుపు ఉన్నాయంటే వ్యాధి ఇంకా నడుస్తున్నట్టే, మందులు సొంతంగా ఆపకండి. నిద్ర పట్టక, తినబుద్ధి కాక, బతుకు మీద విరక్తి కలిగితే ఏ వేళలోనైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు ఉండదు.

జవాబు (శ్రీకాకుళం):
రొమ్ము క్యాన్సర్‌కు కీమో అయ్యాక నా భార్యకు జుట్టు పూర్తిగా రాలేదు. "ప్రాణం దక్కింది, జుట్టుదేముంది" అని చుట్టాలు అన్నప్పుడల్లా ఆమె లేచి లోపలికి వెళ్లిపోయేది. ఇప్పుడు శుభకార్యాలలో అడిగేవాళ్లకు బదులు నేనే చెబుతున్నాను. మీవారిని కూడా ఆ పని చేయమనండి. సవరమో, విగ్గో, ఏదీ లేకుండానో, ఎలా వెళ్లాలన్నది మాత్రం మీ ఇష్టానికే వదిలేయమనండి.