సుటోనియస్ రాసిన ‘క్రెస్టస్’ క్రీస్తేనా?

మొదటి పోస్ట్:
రోమన్ రచయిత సుటోనియస్ క్లాడియస్ చక్రవర్తి జీవితచరిత్రలో దీని గురించి ఒకే ఒక్క వాక్యం రాశాడు: క్రెస్టస్ రెచ్చగొట్టగా ఎడతెగకుండా అల్లర్లు చేస్తున్న యూదులను క్లాడియస్ రోమ్ నుంచి వెళ్లగొట్టాడని. చాలామంది దీన్ని క్రీస్తుకు రోమన్ సాక్ష్యంగా చూపిస్తారు. నేను ఒప్పుకోను. క్రెస్టస్ అంటే గ్రీకులో మంచివాడు, పనికొచ్చేవాడు. రోమ్‌లో బానిసలకు మామూలుగా ఉండే పేరు. యేసును శిలువ వేసింది అంతకు ముందే, తిబేరియస్ చక్రవర్తి కాలంలో. ఈ వాక్యంలో అల్లరి రేపినవాడు రోమ్‌లోనే ఉన్నట్టుంది. పైగా నీరో చక్రవర్తి జీవితచరిత్రలో ఇదే రచయిత ‘క్రిస్టియాని’ (క్రైస్తవులు) అని సరిగ్గానే రాశాడు. తెలిసినవాడు ఇక్కడెందుకు తప్పు రాస్తాడు?

జవాబు:
బానిసల పేరన్నది నిజమే. కానీ రోమ్‌లో యూదుల సమాధుల మీద వందల పేర్లు దొరికాయి, వాటిలో క్రెస్టస్ లేడండి. ఆ పేరు యూదులు పెట్టుకున్నట్టు కనిపించదు.

ఇక అక్షరం సంగతి. అప్పటి వాడుక గ్రీకులో ‘క్రెస్టస్’లోని ‘ఎ’, ‘క్రిస్టస్’ (క్రీస్తు)లోని ‘ఇ’ పలకడంలో దగ్గరైపోయాయి. మీరు మమ్మల్ని ‘క్రెస్టియన్లు’ అంటూ తప్పుగా పలుకుతున్నారని క్రీ.శ. 197 ప్రాంతంలో క్రైస్తవ రచయిత టెర్టులియన్ రోమన్లతోనే అన్నాడు. నీరో కాలపు క్రైస్తవుల గురించి రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాసిన భాగం మనకు 11వ శతాబ్దపు రాతప్రతిలో మిగిలింది. అందులో కూడా మొదట ‘ఎ’ రాసి, తర్వాత ‘ఇ’గా దిద్దారు. సుటోనియస్ ఇదంతా రాసింది 70 ఏళ్ల తర్వాత, సుమారు 121లో. పాత కాగితాల్లో ఉన్న పేరును ఉన్నట్టే ఎత్తి రాసి ఉంటాడు, క్రైస్తవులతో ముడిపెట్టి ఉండడు. నా ఊహ ఇది: యూదుల సమాజమందిరాల్లో మెస్సీయ (గ్రీకులో క్రీస్తు) ఎవరన్న గొడవ వీధికెక్కింది, అధికారులు పేరు విని అతనే నాయకుడనుకున్నారు.

బైబిల్లోని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు క్లాడియస్ ఇచ్చిన ఈ ఆజ్ఞ వల్లే ఇటలీ వదిలి కొరింథుకు వస్తారు. అక్కడే రోమన్ అధిపతి గల్లియో కనిపిస్తాడు. గ్రీసులోని డెల్ఫీలో దొరికిన శాసనం వల్ల అతని పదవీకాలం 51 ప్రాంతమని తేలింది. కాబట్టి వెళ్లగొట్టిన ఏడాదిగా తర్వాతి కాలపు క్రైస్తవ చరిత్రకారుడు ఒరోసియస్ చెప్పిన 49 సరిపోతుంది.

మొదటి పోస్ట్ రాసిన నేనే:
సమాధుల విషయం బలంగానే ఉందండి. కానీ క్లాడియస్ ఆ ఆజ్ఞ ఎందుకిచ్చాడో ఆ అధ్యాయం చెప్పదు, క్రెస్టస్ పేరూ ఎత్తదు. పైగా రోమన్ చరిత్రకారుడు కాసియస్ డియో ప్రకారం, యూదులు మరీ ఎక్కువమంది ఉండటంతో క్లాడియస్ వాళ్లను వెళ్లగొట్టలేదు, కూడికలు మాత్రం ఆపించాడు.

జవాబు:
డియో చెప్పింది పాలన మొదట్లోని సంగతి, 41 నాటిది. 49 నాటిది వేరే ఆజ్ఞ అని నా నమ్మకం. అయినా ఒక మాట: ఈ వాక్యాన్ని యేసు జీవితానికి సాక్ష్యంగా నేనూ వాడను. రోమ్‌లో ఆ పేరు మీద గొడవ ఎప్పుడు మొదలైందో వెతికేటప్పుడే వాడతాను.