మలంలో కార్జపు జలగ గుడ్లు కనిపించాయి: వ్యాధి ఉన్నట్టు రాయవచ్చా?

ప్రశ్న – ల్యాబ్ టెక్నీషియన్

నేను ఒక చిన్న పట్టణంలోని ప్రైవేటు ల్యాబ్‌లో 11 ఏళ్లుగా పనిచేస్తున్నాను. గత మంగళవారం గొర్రెలు కాసే 34 ఏళ్ల వ్యక్తి నమూనాలు మా దగ్గరికి వచ్చాయి. మూడు వారాలుగా విడవని జ్వరం, కుడి డొక్కలో నొప్పి, అప్పుడప్పుడు ఒంటిమీద దద్దుర్లు ఉన్నాయని డాక్టరు గారు చీటీలో రాశారు. తెల్లకణాలు 14,000 ఉండగా వాటిలో ఇసినోఫిల్స్ (పురుగులు సోకినప్పుడు, అలర్జీల్లో పెరిగే రకం) 38 శాతం వచ్చాయి. మెషిన్ లెక్కను నమ్మలేక రక్తాన్ని గాజుపలక మీద పరిచి (స్మియర్ వేసి) చేత్తో లెక్కపెట్టినా అంతే వచ్చింది. మలాన్ని చిక్కటి ఉప్పునీటిలో తేల్చి చూస్తే ఏమీ కనిపించలేదు గాని, ఫార్మాలిన్–ఈథర్ పద్ధతిలో అడుగున దిగిన మడ్డిలో రెండు పెద్ద గుడ్లు దొరికాయి. పసుపు కలిసిన గోధుమ రంగు, పలచని పెంకు, ఒక కొసన ఉందా లేదా అన్నట్టున్న చిన్న మూత. పొడవు సుమారు 140 మైక్రాన్లు, వెడల్పు 75. ఫేషియోలా, అంటే కాలేయపు జలగ, గుడ్డును బొమ్మలో తప్ప నేను ఇదివరకు చూడలేదు. ఒక పద్ధతిలో కనిపించినవి మరొక పద్ధతిలో కనిపించకపోవడం నా పనిలో లోపమా? రిపోర్టులో కాలేయపు జలగ వ్యాధి అని రాసి పంపవచ్చునా?

జవాబు – మైక్రోబయాలజీ అధ్యాపకురాలు

మీ పనిలో లోపమేమీ లేదండీ. మూత ఉండే ఈ పెద్ద గుడ్లు బరువైనవి కాబట్టి మామూలు ఉప్పునీటిలో పైకి తేలవు. పైగా ఆ చిక్కదనానికి మూత విడిపోయి పెంకు ముడుచుకుపోయే అవకాశం ఉంది. వీటిని వెతకాలంటే మడ్డినే చూడాలి, అదే మీరు చేశారు.

రిపోర్టులో వ్యాధి పేరు మాత్రం ఇప్పుడే రాయకండి. పేగులో ఉండే ఫేషియోలాప్సిస్ బస్కీ గుడ్లు కూడా ఇంచుమించు ఇదే కొలతలో, ఇదే రూపంలో ఉంటాయి, గుడ్డును చూసి ఆ రెండింటినీ విడదీయడం దాదాపు అసాధ్యం. ఆ పురుగు మన దేశంలో బిహార్, ఉత్తరప్రదేశ్, అస్సాంలలో కనిపిస్తుంది కనుక రోగి అటువైపు ఎప్పుడైనా వెళ్లాడేమో అడగాలి. అందాకా "ఫేషియోలా లేదా ఫేషియోలాప్సిస్ రకం గుడ్లు కనిపించాయి" అని రాస్తే చాలు.

నాకు అంతకన్నా పెద్ద అనుమానం కాలం దగ్గర వస్తోంది. మింగిన పిల్లపురుగు పేగు గోడను తొలుచుకుని కడుపు కుహరంలోకి, అక్కడి నుంచి కాలేయపు పొరను చీల్చుకుని లోపలికి వెళ్తుంది. జ్వరం, నొప్పి, దద్దుర్లు, ఇసినోఫిల్స్ విపరీతంగా పెరగడం ఎక్కువగా ఈ దశలోనే ఉంటాయి. అది పిత్తనాళం చేరి, ఎదిగి, గుడ్లు పెట్టడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. మూడు వారాల జ్వరమూ మలంలో గుడ్లూ ఒకేసారి కనిపించడం అసాధ్యం కాదు గాని, నన్ను ఆలోచనలో పడేసింది. నమూనా ఇచ్చే ముందు ఆయన ఏం తిన్నారో అడిగారా?

జవాబు – పశువైద్యుడు

మేడమ్ గారు అడిగిన ప్రశ్నే అసలైనది. మన గేదెల్లో, గొర్రెల్లో ఎక్కువగా కనిపించేది ఫేషియోలా జైగాంటికా. కబేళాలో జబ్బు కార్జాన్ని కోస్తే గట్టిపడిన పిత్తనాళాల్లోంచి, ముడతపడిన ఆకుల్లాంటి పురుగులు బయటికి జారతాయి. ఆ పిత్తరసం నిండా గుడ్లే. అలాంటి కార్జాన్ని బాగా ఉడికించి వేపుడు చేసుకుని తిన్నా, చచ్చిన గుడ్లు మరుసటి రోజు మలంలో అలాగే బయటికి వస్తాయి. అది వ్యాధి కాదు, తిన్న తిండి. కార్జం తింటే జలగ పడుతుందని ఊళ్లలో అనుకుంటారు గాని, మనిషికి సోకేది నత్తలోంచి బయటపడి నీటిమొక్కలకు అంటుకున్న పిల్లపురుగుల వల్ల, ఒక్కోసారి అవి తేలుతున్న నీళ్ల వల్ల. మీ రోగి చెరువు దగ్గర తూడులూ ఆకులూ పచ్చిగా నములుతాడేమో కనుక్కోండి.

జవాబు – జీర్ణకోశ వైద్యుడు

కార్జం కథ నిజమైనా అది గుడ్లకు జవాబు చెబుతుంది గాని ఇసినోఫిల్స్‌కు చెప్పదు. 14,000లో 38 శాతం అంటే వాటి సంఖ్య 5,300 దాటుతోంది, మామూలుగా 500 లోపు ఉండాలి. గుడ్లు తిండిలోవి అయి ఉండి, జ్వరం మాత్రం నిజంగా జలగ పురుగుదే అయ్యే అవకాశం కూడా ఉందని మరవకూడదు. నట్టలు, కుక్కల నుంచి వచ్చే టాక్సోకారా, ఏవైనా మందులు కూడా ఇలా పెంచగలవు. వారం రోజులు కార్జం మాన్పించి, వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు చూడండి. గుడ్లు కనిపించకపోతే తొలి దశ లేదని కాదు. ఆ దశలో పనికొచ్చేవి రక్తంలో యాంటీబాడీల ఎలైజా పరీక్ష, కాంట్రాస్ట్ ఇచ్చి తీసే సీటీ. యాంటీబాడీలు సోకిన రెండు నుంచి నాలుగు వారాల్లోనే కనిపించవచ్చు. సీటీలో కాలేయపు అంచున గుంపుగా, సొరంగాల్లా సాగే నల్లటి జాడలు ఉంటే అనుమానం బలపడుతుంది. ఎలైజా ఇతర పురుగులకు కూడా పాజిటివ్ రావచ్చు, నయమయ్యాక కూడా చాలాకాలం పాజిటివ్‌గానే ఉండవచ్చు, కనుక దాన్ని ఒంటరిగా నమ్మకండి.

నిర్ధారణ ఎందుకు ముఖ్యమంటే, అలవాటుగా ఇచ్చే ఆల్బెండజోల్ దీనికి సరిపోదు, మరో పురుగుల మందు ప్రాజిక్వాంటెల్‌ మీద కూడా ఆధారపడలేం. దీని మందు ట్రైక్లాబెండజోల్, కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు. థాయిలాండ్ ఈశాన్యంలో పచ్చి చేపల వల్ల వచ్చే ఒపిస్తార్కిస్ అనే మరో కాలేయపు జలగకైతే ప్రాజిక్వాంటెల్ పనిచేస్తుంది. దాని గుడ్డు 30 మైక్రాన్లకు మించదు కాబట్టి మీకు దొరికింది అది కాదు.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ ధన్యవాదాలు. ఫోన్ చేసి అడిగితే, ఆదివారం ఊళ్లో వేటను కోసి కార్జం వండుకున్నామని చెప్పాడు. నమూనా ఇచ్చింది మంగళవారం పొద్దున. ఎండాకాలంలో చెరువులో దిగి తామర తూడులు నమిలే అలవాటు చిన్నప్పటి నుంచీ ఉందట. వారం ఆగి తీసుకున్న మూడు నమూనాల్లోనూ గుడ్లు లేవు, ఇసినోఫిల్స్ మాత్రం 36 శాతం దగ్గరే ఉన్నాయి. సీటీలో కాలేయపు కుడి అంచున జాడలు ఉన్నాయని డాక్టరు గారు చెప్పారు. ఎలైజాకు రక్తం పంపాం, ఫలితం ఇంకా రావాలి. మొదటి రిపోర్టులో మేడమ్ గారు చెప్పిన వాక్యమే రాశాను. మా మలపరీక్ష చీటీలో "గత వారంలో కార్జం తిన్నారా?" అనే గడి ఒకటి కొత్తగా చేర్చాను.