ముక్కు చివర చెంచానా, బురదా? మసక ఫొటోతో అరుదైన ఉల్లంకిని నమోదు చేయొచ్చా?

కొత్త బైనాక్యులర్:
మొన్న ఆదివారం పొద్దున కాకినాడ దగ్గర పర్రలో, అంటే సముద్రపు ఒడ్డు బురద నేలలో, నీళ్లు వెనక్కి తగ్గాక, లిటిల్ స్టింట్లనే చిన్న ఒడ్డుపిట్టల గుంపు మేస్తుంటే అందులో ఒకదాని ముక్కు చివర వెడల్పుగా కనిపించింది. స్పూన్‌బిల్డ్ శాండ్‌పైపర్ అనుకున్నాను, అంటే మన మాటల్లో చెంచామూతి ఉల్లంకి. తొమ్మిది ఫొటోలు తీశాను, అన్నీ ఎండకు ఎదురుగా మసకమసకగా వచ్చాయి. పిట్టల్ని చూసిన వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో పెడితే, అక్కడ పరిశీలించేవాళ్లు వివరాలు అడిగారు. తోటి మిత్రుడు తీసెయ్యమంటున్నాడు. తీసెయ్యాలా?

పర్రపిట్ట:
తీసెయ్ తమ్ముడూ. ఇలాంటిదే నాకు పులికాట్‌లో జరిగింది. ముక్కు చివర నల్లటి ముద్ద స్పష్టంగా కనబడుతుంటే చేతులు వణికాయి, పది నిమిషాలు ఊపిరి బిగబట్టి చూశాను. తర్వాత ఆ పిట్ట నీళ్లలో ముక్కు ముంచి ఒక్కసారి విదిలించింది, ముద్ద ఊడి పడింది. మామూలు స్టింటే. తడి బంకమట్టి ముక్కుకు అంటుకుంటే అచ్చం చెంచాలాగే ఉంటుంది. ప్రపంచంలో కొన్ని వందలే మిగిలిన పిట్ట పేరు మసక ఫొటో మీద రాయకూడదు.

ఉప్పుటేరు:
పర్రపిట్టగారూ, మీ అనుభవం నిజమే, కానీ ఫొటో ఒక్కటే సాక్ష్యం అన్నట్టు మాట్లాడితే నేను ఒప్పుకోను. ఈ పిట్ట పక్కకు తిరిగి ఉన్నప్పుడు చెంచా అసలు కనబడదు, మామూలు నల్ల ముక్కులాగే ఉంటుంది, ఎదురుగానో పైనుంచో చూస్తేనే వెడల్పు తెలుస్తుంది. కాబట్టి మంచి ఫొటో కూడా మోసం చేయొచ్చు. మేత చూడాలి. స్టింట్ పరుగెడుతూ అక్కడొకటి ఇక్కడొకటి చకచకా పొడుస్తుంది. చెంచామూతిది తల బాగా కిందకి వంచి, ముక్కు పలచటి నీళ్లలోనే ఉంచి అటూ ఇటూ ఊపుతూ ముందుకు నడిచే తీరు. నుదురు, ముఖం ఇంకాస్త తెల్లగా, తల కొంచెం పెద్దగా అనిపిస్తాయి. తమ్ముడూ, నీది ఎలా మేసింది?

కొత్త బైనాక్యులర్:
నోట్‌బుక్‌లో "తల వంచి నడిచింది" అని రాసుకున్నాను అన్నా. కానీ చూసింది ఒక నిమిషమే, ఆ తర్వాత గద్ద వచ్చి గుంపంతా లేచిపోయింది. ముక్కు అటూ ఇటూ ఊపిందని మాత్రం చెప్పలేను.

తూర్పుగాలి:
అయితే చెంచామూతి అని ఉంచడం తప్పే. అలాగని మొత్తం తుడిచేస్తే ఆ నిమిషం కూడా పోతుంది కదా. జాతి తేల్చలేదని రాసే వీలు ఈబర్డ్‌లోనే ఉంది, అలా మార్చి ఫొటోలు, నోట్సు అన్నీ అక్కడే ఉంచు. రేపు ఇంకెవరైనా అక్కడే చూస్తే నీ మాట పనికొస్తుంది. ఇంకో సంగతి, కాళ్లు కనబడితే వదలొద్దు. రష్యా ఈశాన్య కొసన చుకోట్కాలో చెంచామూతులు గూళ్లు పెట్టే చోట కొన్నిటి కాళ్లకు, పిట్టను గుర్తుపట్టడానికి, అక్షరాలున్న చిన్న రంగు పట్టీలు (ఫ్లాగులు) కడతారు.

పర్రపిట్ట:
జాతి తేల్చలేదని మారుస్తానంటే నాకు అభ్యంతరం లేదు. కానీ ఈలోగా "కాకినాడలో చెంచామూతి" అని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. వచ్చినవాళ్లందరూ పర్ర తొక్కితే ఖండాలు దాటి వచ్చిన పిట్టలకు మేసే టైమ్ ఉండదు. దీని మీద నేను వెనక్కి తగ్గను.

ఉప్పుటేరు:
ఆ మాటకు నేనూ మీ పక్షమే. తమ్ముడూ, మన తీరం తూర్పు ముఖం, పొద్దున వెళ్తే ఎండ నీ కళ్లలోనే, పిట్టలన్నీ నల్లటి నీడల్లా ఉంటాయి. సాయంత్రం పోటు ఉన్న రోజు చూసుకో. నీళ్లు నిండటానికి రెండు గంటల ముందే ఒడ్డున కదలకుండా కూర్చో. ఎండ వీపు మీద ఉంటుంది, పెరిగే నీళ్లే గుంపును నీ దగ్గరికి తోసుకొస్తాయి. నువ్వు వాటి వైపు నడవొద్దు.

కొత్త బైనాక్యులర్:
మార్చేశాను, ఎవరికీ పంపలేదు. శనివారం సాయంత్రం పోటు ఉంది. ఉప్పుటేరు అన్నా, మీ దగ్గర టెలిస్కోప్ ఉంటే వస్తారా?