తెర వెనక పాచిక: డీఎం మన ప్రాణం కాపాడ్డానికి అబద్ధం ఆడొచ్చా?

మిగిలినప్రాణం:
ముందు పంచాయితీ ఏంటో చెప్తా, తర్వాత తీరిగ్గా కొట్టుకుందాం.

మూడు వారాల కిందట, ఆదివారం పొద్దున, మా ఇంట్లో. డీ అండ్ డీ (పాచికలేసి కథ ఆడే ఆట; డీఎం అంటే కథ నడిపి తీర్పు చెప్పేవాడు, మిగతా అందరికీ తలో పాత్ర) ఐదో ఎడిషన్, 2014 రూల్స్, అందరం ఒకటో లెవెల్. నా పాత్ర ఒక విజార్డ్, అంటే మాంత్రికుడు, పేరు భైరవభట్టు. హెచ్‌పీ, అంటే ఎన్ని దెబ్బలకి తట్టుకుంటాడన్న లెక్క, ఎంతనుకున్నారు? 7. విజార్డ్ అయినందుకు 6, కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) పుణ్యమా అని ఇంకొకటి. పిల్లి గీరినా పోయే ప్రాణం. బాట పక్క పొదలోంచి ఒక గోబ్లిన్ బాణం వేసింది. మా డీఎం తెర వెనక పాచికలు వేశాడు. (తెర అంటే వాళ్ల చెల్లి పెళ్లికి మిగిలిన శుభలేఖలు అతికించి చేసింది. మా వైపు వినాయకుడు, వాడి వైపు అబద్ధాలు.) వేసి, కాసేపు గమ్మున ఉండి, "11 డ్యామేజ్, పడిపోయినవ్" అన్నాడు. స్పృహ తప్పాను. మా క్లెరిక్ (వైద్యం చేసే పూజారి పాత్ర) అక్క హీలింగ్ వర్డ్ అనే మాన్పుడు మంత్రం వేసింది, లేచాను, మిగిలిన బజ్జీలు తిన్నాను.

నిన్న రాత్రి బిర్యానీ దగ్గర గుమ్మడికాయదొంగ నోరు జారాడు. ఆ రోజు బజ్జీల కోసం వంటింట్లోకి వెళ్తూ తెర వెనక్కి ఓ చూపు వేశాడట. డీ20 (ఇరవై ముఖాల పాచిక) మీద 20. పక్కన రెండు ఆర్లు. అంటే క్రిట్, మామూలు దెబ్బ కాదు. డ్యామేజ్ పాచికలు రెండింతలు కాబట్టి ఆరూ ఆరూ, పైన బాణానికి మామూలుగా కలిపే రెండు, మొత్తం 14. నా 7 పోగా ఇంకో 7 మిగిలింది. మిగిలింది పూర్తి హెచ్‌పీకి సమానమైతే డెత్ సేవులూ (పడిపోయినవాడు బతుకుతాడో లేదో తేల్చే పాచికలు) గీవులూ ఉండవు, అక్కడికక్కడే సరి. ఒక్కటి తక్కువ పడినా బతికేవాణ్ని.

అంటే మూడు వారాలుగా నేను శవాన్ని. శవమై సంతలో బేరాలాడాను, సత్రం వాడితో గొడవ పెట్టుకున్నాను, రెండో లెవెల్‌కి కూడా వెళ్లాను. డీఎంకి ఇలా చేసే హక్కు ఉందా లేదా, తేల్చండి.

తెరవెనకదేవుడు:
అరె, బతికించినోని మీదనే లొల్లి పెడ్తవేంది రా! ఆట షురూ అయ్యి 40 నిమిషాలు కాలే. నువ్వు గా భట్టుకి మూడు పేజీల చరిత్ర రాసుకొచ్చినవ్. వాళ్ల తాత శాపం, అటక మీద తాళపత్రాలు, అన్నీ. మొదటి బాణానికే పోయినవని చెప్తే ఏం జేస్తుంటివి? సోఫా మీద పండి ఫోన్ నూకుతుంటివి.

ఇంకో మాట. గిది నా సొంత తెలివి కాదు. 2014 డీఎం పుస్తకంలనే ఉంది. తెర వెనక వేస్తే కావాల్నంటే మార్చుకోవచ్చు, వరసగా రెండు క్రిట్లు పడి మనిషి పోయేటట్టుంటే రెండోదాన్ని మామూలు దెబ్బ చెయ్యొచ్చు అని రాసిండ్రు. మాటిమాటికి చెయ్యొద్దు, చేసినట్టు తెల్వనియ్యొద్దు అని గూడ రాసిండ్రు. నా దిక్కు నుంచి రెండూ పాటించిన. బజ్జీల కోసం తిరిగెటోళ్ల గురించి పుస్తకంల లేదు.

డాలస్‌పాలాడిన్:
వరసగా రెండు క్రిట్లంటే అని నువ్వే చెప్పావు. పడింది ఒక్కటే కదా బావా. పుస్తకాన్ని కూడా తెర వెనకే చదువుతావా?

లెక్క చూడండి. 20 పడే అవకాశం 20లో ఒకటి. రెండు ఆర్లు 36లో ఒకటి. అంటే 720 బాణాల్లో ఒకటి అలా తగులుతుంది. మనం నెలకి రెండుసార్లు కూర్చునేవాళ్లం, అలాంటిది మళ్లీ ఎప్పుడు చూస్తాం? పదేళ్ల తర్వాత కూడా "ఆ రోజు భట్టు మొదటి బాణానికే ఎగిరిపోయాడ్రా" అని చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. దాన్ని నువ్వొక్కడివే నోట్లో వేసుకుని మింగేశావు.

పాచిక మాట వినని వాడికి పాచిక ఎందుకు? బుర్రకథ చెప్పు, మేం పక్కన నిలబడి తందాన తాన అంటాం.

గుమ్మడికాయదొంగ:
ఆయ్, ముందు నా వాంగ్మూలం రాసుకోండి. నేను చూడాలని చూళ్లేదండి. వంటింటి దారి తెర వెనక నుంచే ఉంది. ఆ ఇల్లు కట్టిన మేస్త్రిని అడగండి.

మూడు వారాలు ఎందుకు మూసుకుని కూర్చున్నావంటే, భట్టు నాకు 12 బంగారు నాణేలు బాకీ. పోయాడని నేనే చెప్తే బాకీ ఎవరు తీరుస్తారండి? నిన్న బిర్యానీలో రెండో లెగ్ పీస్ కూడా వాడే లాక్కున్నాడు. అక్కడ నా ధర్మం తప్పింది.

మందులసంచి:
మీ ధర్మాలు సరే. నా స్లాట్, అంటే మంత్రం వేసే ఛాన్స్, దాని సంగతి ఎవరూ అడగరేం?

ఒకటో లెవెల్ క్లెరిక్‌కి రోజంతటికీ ఫస్ట్ లెవెల్ స్లాట్లు రెండు. అందులో ఒకటి శవానికి ఖర్చుపెట్టాను. ఆ తర్వాత వంతెన దగ్గర పాలాడిన్ పడిపోతే చేతిలో ఏమీ లేక, ఊరికే చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నిజంగా చచ్చినవాణ్ని లేపాలంటే రివివిఫై కావాలి. దానికి క్లెరిక్ ఐదో లెవెల్‌కి రావాలి, పోయిన నిమిషం లోపు వెయ్యాలి, పైగా 300 బంగారు నాణేల వజ్రం చేతిలో ఉండాలి. ఇక్కడ దొంగేమో 12 నాణేల కోసం ఏడుస్తున్నాడు.

డీఎం ఒకడికి మేలు చేశాననుకున్నాడు. ఆ ఖర్చు నా ఖాతాలో రాశాడు.

గవ్వలగలగల:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది వేరే బల్ల, కానీ ఈ తగువు నాకు బాగా తెలుసు.

చిన్నప్పుడు వేసవి సెలవుల్లో అమ్మమ్మతో అష్టాచెమ్మా ఆడేవాళ్లం. అరుగు మీద సుద్దముక్కతో గళ్లు గీసి, నాలుగు గవ్వలు. గవ్వలు దొరక్కపోతే చింతపిక్కలు ఒకవైపు అరగదీసి. నా కాయ ఇంటికి ఒక్క గడి దూరంలో చంపుడు పడేలా ఉందనుకోండి, అమ్మమ్మ గవ్వలు వేసి, "అయ్యో, ఇది పక్కకి ఒరిగిందే, సరిగ్గా పళ్లేదు" అని మళ్లీ వేసేది. చిటికెన వేలితో ఒకదాన్ని తిప్పడం నేను చాలాసార్లు చూశాను. చూసి ఊరుకునేదాన్ని. గెలిచాక బెల్లం ముక్క పెట్టేది.

అది మోసమేనా? నాకు ఎనిమిదేళ్లు ఉన్నప్పుడు కాదు. పదమూడో ఏట ఓసారి అలాగే చేస్తే కోపం వచ్చి గవ్వలు విసిరికొట్టి లేచిపోయాను. నన్నింకా చిన్నపిల్లలా చూస్తోందని. మీ డీఎం గారు చేసింది తప్పని అనను. కానీ ఆ భట్టు గారికి ఎనిమిదేళ్లా పదమూడేళ్లా అన్నది చూసుకోవాలి కదండీ.

మిగిలినప్రాణం:
గవ్వలగలగల గారూ, మీరు అన్నదే నా నోటి చివర ఆడుతోంది, చెప్పడం రాలేదు. నాకు 34 ఏళ్లండి. ఈఎంఐలు కడుతున్నా. ఉత్తుత్తి మాంత్రికుడు పోతే తట్టుకోలేనని వీడెందుకు అనుకున్నాడు?

ఇంకోటి ఉంది. పోయిన ఆదివారం గుహలో తాడు మీద వేలాడుతూ 2 హెచ్‌పీతో బయటపడ్డాను. ఇంటికొచ్చి మా ఆవిడకి కూడా చెప్పాను, చేతులు ఊపి మరీ. ఇప్పుడు ఆ 2 నిజం రెండేనా? వీడు పెట్టిన బిక్షా? ఒక అబద్ధం బయటపడేసరికి, వెనక గెలిచినవన్నీ అనుమానంలో పడ్డాయి. బాధంతా దాని గురించే. బాణం గురించి కాదు.

తెరవెనకదేవుడు:
గుహల రెండు, అసలు రెండే. ఒట్టు. మా చెల్లి పెళ్లి శుభలేఖ మీద ఒట్టు.

పాతఅట్టపెట్టె:
ఈ తగువు మీతో మొదలవలేదు, డీ అండ్ డీతో కూడా మొదలవలేదు. గైగాక్స్, ఆర్నెసన్ 1974లో ఆ ఆట తెచ్చారు. దాని తాతలు యుద్ధం ఆటలు. ప్రష్యా సైన్యంలో రైస్‌విట్జ్ అనే ఆఫీసరు 1824లో అచ్చేసిన క్రీగ్‌స్పీల్‌లో పాచికలు, పట్టికలు, మధ్యలో ఒక అంపైర్. అర్ధ శతాబ్దం గడిచాక, 1876లో, వెర్డీ దు వెర్నువా అనే ఇంకో ఆఫీసరు ఈ పట్టికలూ పాచికలూ తీసి పక్కన పెట్టండి, అనుభవం ఉన్న అంపైర్ చెప్పిందే తీర్పు అన్నాడు. పాచిక పెద్దదా, పెద్దమనిషి పెద్దవాడా అని అప్పుడే మీసాలు తిప్పుకున్నారు. ఒకటే తేడా. వెర్డీ పాచికని నలుగురి ముందే తీసేశాడు. వేసి, చూసి, ఇంకోటి చెప్పలేదు.

డాలస్‌పాలాడిన్:
అదీ మాట! పాచిక వేశాక దానికి తలొంచాల్సిందే. శకుని కూడా సభలో అందరి ముందే వేశాడు.

గుమ్మడికాయదొంగ:
శకుని పేరు ఎత్తావు కాబట్టి ఇప్పుడు ఒక కాగితం బయటికి తీస్తున్నానండి.

మన పాలాడిన్ గారు డాలస్ నుంచి వీడియో కాల్‌లో ఆడతారు. ఫోను ఆవకాయ జాడీకి ఆనించి పెడతాం. ఆయన మొహం కనపడుద్ది, పాచిక కనపడదు. ఆయన చెప్తారు, మేం వింటాం. నాకు లెక్కలు రాసే జబ్బుంది కదా, అందుకని పోయిన మూడు ఆటల్లో ఆయన డీ20 వేసినవన్నీ రాసుకున్నా. మొత్తం 40. న్యాయంగా 20 అన్నది రెండుసార్లు పడాలి. పడింది ఏడుసార్లు. ఏడు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడడం వెయ్యిలో మూడుసార్లు జరిగే ముచ్చటండి. 720లో ఒకటి గురించి ఇందాక గొంతు చించుకున్నారు కాబట్టి ఇది కూడా చెప్పుకుని నవ్వుకుందాం అని.

మందులసంచి:
🤣 నా స్లాట్ పోయినా పర్లేదు. ఇది చూశాక కడుపు నిండింది.

డాలస్‌పాలాడిన్:
ఇది అన్యాయం. ఇక్కడ శనివారం రాత్రి తొమ్మిదిన్నర, పిల్లలు పడుకుని ఉంటారు, చప్పుడు కాకుండా తువ్వాలు మీద వేస్తాను. తువ్వాలు మీద సరిగ్గా దొర్లదు, అంతే.

గుమ్మడికాయదొంగ:
సరిగ్గా దొర్లకపోతే 20 మీదే ఆగుద్దా? తువ్వాలు ఎక్కడ కొన్నారు అన్నగారూ?

పాతఅట్టపెట్టె:
తువ్వాలు మీద నింద వేసే ముందు ఉప్పునీళ్ల పరీక్ష చేయండి. గ్లాసుడు నీళ్లలో పాచిక తేలేదాకా ఉప్పు కలిపి, వేలితో తిప్పి తిప్పి వదలండి. ప్రతిసారీ ఒకే ముఖం పైకి వస్తుంటే ఆ పాచికకి బరువు ఒకవైపు ఉన్నట్టు. డీ20లో ఎదురుబొదురు ముఖాలు కలిపితే 21 వస్తుంది కాబట్టి, 20 పైకి వస్తోందంటే 1 ఉన్న వైపు బరువు.

డాలస్‌పాలాడిన్:
చేశా. తేలడానికి మా ఆవిడ ఉప్పు డబ్బా సగం అయిపోయింది, దానికి వేరే పంచాయితీ నడుస్తోంది. పాచిక శుభ్రంగా ఉంది, ఒక్కోసారి ఒక్కో ముఖం. ఇది నాకు లాభమో నష్టమో ఇప్పుడే అర్థమవుతోంది.

సరే, వినండి. ఆ ఏడింటిలో ఒకటి... తువ్వాలు మడత మీదికి ఎక్కి పక్కకి ఒరిగింది. 20 లాగే కనపడింది. వంతెన దగ్గర, నేను పడిపోయి డెత్ సేవులు వేస్తున్నప్పుడు. రెండు ఫెయిల్ అయ్యి ఉన్నా. అక్క దగ్గర స్లాట్ లేదు.

మందులసంచి:
స్లాట్ ఎందుకు లేదో అందరికీ గుర్తుందా.

తెరవెనకదేవుడు:
మస్తుంది! నేను వాన్ని బతికిస్తే పాపం, నువ్వు నిన్ను బతికించుకుంటే ఒరిగింది!

సరే ఇను. ఇప్పటి సంది దెబ్బలన్నీ తెర ముందట వేస్త. అటాక్, డ్యామేజ్, అందరు చూస్తుండంగ. కానీ అన్నీ ముందట వెయ్య. పొదల ఎవడన్న ఉన్నడా అని భట్టు చూసిండనుకోరి, 2 పడింది. ముందట వేస్తే 2 పడ్డది మీకెర్క అయితది, "ఏం కనపడలే" అని నేనంటే మీరు నమ్ముతరా? అందరు కత్తులు తీస్తరు. గట్లాంటివి తెర వెనకనే. మీకు తెల్వనిది మీ క్యారెక్టర్‌కి తెల్వకుండ ఉంచుటానికే గా తెర. ప్రాణాలు మార్చుటానికి కాదని ఒప్పుకుంటున్న.

ఇగ మళ్ల గట్లాంటి బాణం తగిలితే, మార్చ. నిన్నే అడుగుత, పోతవా ఉంటవా అని.

గవ్వలగలగల:
అడిగితే ఎవరైనా ఉంటాననే అంటారు కదండీ?

మిగిలినప్రాణం:
అనను. అందుకే ఇది రాస్తున్నా. రాత్రంతా ఆలోచించాను. భైరవభట్టు ఆ బాణానికే పోయాడు. 14 అంటే 14. అక్క స్లాట్ అక్కకి వాపసు. సంతలో బేరాలాడింది, సత్రం వాడితో తగువు పడింది ఎవరో నాకు తెలీదు.

వచ్చే ఆదివారం కొత్త మనిషితో వస్తున్నా. పేరు వీరభద్రభట్టు. భైరవభట్టుకి బావమరిది. విజార్డే. హెచ్‌పీ రెండో లెవెల్‌దే. బావ పోయాడని తెలిసి, స్పెల్‌బుక్ తీసుకుని, ఏడుస్తూ బయల్దేరాడు.

తెరవెనకదేవుడు:
క్యారెక్టర్ షీట్ ఫొటో పంపు.

మిగిలినప్రాణం:
పంపా.

తెరవెనకదేవుడు:
అరేయ్. గిది పాత షీటే. పేరు మీద వైట్‌నర్ పెట్టినవ్. కింద భైరవ అని కనపడ్తనే ఉంది.

మందులసంచి:
నాకు ఒక స్లాట్ బాకీ ఉన్నాడని అతని షీట్‌లో రాసి ఉందా? లేకపోతే నేనే రాస్తా.

గుమ్మడికాయదొంగ:
ఆస్తి వచ్చింది కదండీ బావమరిది గారికి, స్పెల్‌బుక్కూ గట్రా. మరి బాకీ కూడా ఆస్తితోనే వస్తుందండి, మా ఊళ్లో పద్ధతి అదే. 12 నాణేలు. ఆదివారం బజ్జీలు వేగేలోపు బల్ల మీద పెట్టమనండి. తెర ముందు.